రాణి నాగాంబకు ఒక్క వన్స్‌మోర్

"నన్ను రెండుసార్లు చంపింది మీరేనా?"

ప్రకాష్ తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక మహారాణి నిలబడి ఉంది. తలమీద అట్టకిరీటం, మెడనిండా పూసల హారాలు, చెమటకి కరిగి ముక్కుమీదికి జారుతున్న తిలకం. కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులు.

అతని చేతిలో కషాయం గ్లాసు పొగలు కక్కుతోంది. దాన్ని పట్టుకుని ఆ గ్రీన్‌రూమ్ గుమ్మంలో దొంగలా నిలబడాల్సి వస్తుందని గంట క్రితం ఎవరైనా చెప్పి ఉంటే అతను నమ్మేవాడు కాదు.

"సారీ అండీ. మీరు చచ్చిపోయారని నాకు తెలీదు."

"తెలీదా? ముందు వరసలో కూర్చున్నారు కదా."

"కూర్చున్నాను." అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు.

అసలు సంగతి ఇదీ. ప్రకాష్ ఒంగోల్లో ఒక డ్రిప్పు పైపుల కంపెనీలో ఏరియా సేల్స్ ఆఫీసరు. పేరుకి ఆఫీసరే గానీ ఆఫీసులో కూర్చున్నది తక్కువ. పొద్దున చీమకుర్తి రాళ్ళ లారీల వెనక దుమ్ము తాగుతూ బయల్దేరితే, సాయంత్రానికి చిలకలూరిపేట పత్తి లారీల వెనక తేలేవాడు. ఆదివారం చర్చికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో వాళ్ళమ్మ ఫోన్లో గుర్తు చేస్తూ ఉంటుంది. అలాంటివాడికి మేనేజరు ఒకరోజు వరం ఇచ్చాడు.

"భాగవతులపాడు కళా ఉత్సవాలకి మనం స్పాన్సర్లం. మూడు సాయంత్రాలు మన బ్యానర్ పక్కన కూర్చో, ఫొటోలు పంపు. పగలు ఊరు చూడు. రెస్టు అనుకో."

రెస్టు అన్న మాట ప్రకాష్ చెవికి వినపడిందో లేదో గానీ, ఒంటికి మాత్రం బాగా వినపడింది.

హైవే దిగి పత్తిచేల మధ్య కాసేపు పోతే వస్తుంది భాగవతులపాడు. చిన్న ఊరు. ఎప్పుడో కొండవీటి రాజులు భాగవతులకి మాన్యంగా ఇచ్చారంటారు. ఊరి నడుమ రాతి రంగస్థలం ఉంది. దానిమీది శాసనం చదవగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు, అందులో ఏముందో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఇంటికొకరున్నారు. పగలు మిరపచేలో మందు కొట్టేవాడు సాయంత్రానికి మంత్రి అవుతాడు. పాలకేంద్రం ఆయన సేనాపతి. ఆడవేషాలకి మాత్రం బయటినుంచి ఆర్టిస్టులొస్తారు. తెల్లారే మిరపకోతకి వెళ్ళాలి గనక పొద్దు వాలగానే నాటకం మొదలుపెట్టి, అన్నాల వేళకి ముగించేస్తారు.

మొదటి సాయంత్రం నాటకం ఆ ఊరివాళ్ళ సొంత నాటకం, 'రాణి నాగాంబ'. ఉత్సవం దానితోనే మొదలవ్వాలి, మూడో రోజు దానితోనే ముగియాలి. అది అక్కడి ఆచారం.

గణపతి ప్రార్థన అవుతుండగానే ప్రకాష్ కళ్ళు మూతపడ్డాయి. పైన ఫ్యాను, కింద మెత్తటి కుర్చీ, చెవిలో హార్మోనియం. ఏ తల్లీ అంత బాగా జోకొట్టదు.

ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. సద్దు లేదు. హార్మోనియం ఆగిపోయింది, జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పక్కనే ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు బుల్లయ్యగారు అతని వైపు తిరిగి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను గురక పెట్టి ఉంటాను, అందరూ నన్నే చూస్తున్నారు అనుకున్నాడు ప్రకాష్. స్పాన్సరు నిద్రపోయాడంటే కంపెనీ పరువేం కాను? పద్యనాటకాల్లో బాగుంటే ఏదో అంటారని చిన్నప్పుడు విన్నాడు. లేచి నిలబడి చప్పట్లు కొడుతూ గట్టిగా అనేశాడు.

"వన్స్‌మోర్."

అప్పటికి రాణి నాగాంబ ప్రాణాలు విడిచి, రాజుగారి ఒళ్ళో తలవాల్చి ఉంది. ఆ మాట వినగానే శవం ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను జనంలో ఎవరినో వెతికింది. తర్వాత మెల్లగా లేచి, కిరీటం సరిచేసుకుని, హార్మోనియం దగ్గరున్న పెద్దాయన్ని ఒకసారి చూసి, ఆ బారెడు పద్యం మళ్ళీ అందుకుంది. చివరి రాగంలో గొంతు జీరపోయింది. ఎలాగో దాన్ని గట్టెక్కించి రెండోసారి చచ్చిపోయింది. ఈసారి ధడేలుమని పడింది.

తెర పడ్డాక బుల్లయ్యగారు ప్రకాష్ భుజం తట్టాడు.

"రసికుడివేనయ్యా. అయితే మా ఊళ్ళో వన్స్‌మోర్‌కి ఒక కట్టుబాటు ఉంది. ఒక నాటకంలో ఒక ఆర్టిస్టుకి ఒక్కటే. ముందెవడంటే వాడిదే. రెండోసారి ఎవరన్నా నోరెత్తితే తప్పు. ఇంకొకటి కూడా ఉంది. గొంతు వాడుకున్నవాడే గొంతుకి మందు పట్టుకెళ్ళి ఇవ్వాలి. మా ఇంటిదాన్ని కషాయం కాచమన్నా, పో."

అలా వచ్చాడతను ఆ గుమ్మంలోకి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా పెద్దలు?

"నిద్రపోయారు కదూ?" అడిగింది మహారాణి, గ్లాసు అందుకుంటూ.

"అబ్బే."

"అయితే నేను దేనికి చచ్చిపోయానో చెప్పండి."

ప్రకాష్ ఆలోచించాడు. "దాహానికా అండీ?"

ఆమె నవ్వబోయి, గొంతు పట్టుకుని ఆగిపోయింది. శొంఠి ఘాటుకి మొహం చిట్లించి రెండు గుక్కలు తాగి, పెట్టెమీద కూలబడింది.

"మీరు అదృష్టవంతులు, కుర్చీలో హాయిగా పడుకున్నారు. వారం నుంచీ రోజుకో ఊరు, రోజుకో బస్సు నాకు. చచ్చిపోయి రాజుగారి ఒళ్ళో తలపెట్టుకునే ఆ రెండు నిమిషాలే నా రెస్టు. అదీ చెడగొట్టారు."

ప్రకాష్‌కి నిజంగా సిగ్గేసింది. తనకంటే ఎక్కువ అలసిపోయిన మనిషిని అతను చూడటం అదే మొదలు.

"మీ పేరు?"

"క్రిస్టీనా. ఆ హార్మోనియం మా నాన్న, జయరావుగారు. ఆదివారం గుంటూరులో చర్చిలో వాయిస్తాడు, మిగతా రోజులు నావెంట."

*

మర్నాడు పగలు, బస ఇచ్చిన బుల్లయ్యగారింట్లోంచి ఊరు చూడటానికి బయల్దేరాడు ప్రకాష్. బుల్లయ్యగారి భార్య సుబ్బరావమ్మ వాకిట్లోకి వచ్చి కేకేసింది.

"అమ్మాయ్ క్రిస్టీనా, నీకూ ఊసుపోవట్లేదుగా. ఈ అబ్బాయికి ఊరు చూపించుకురా. ఒంటరిగా పంపిస్తే ఏ అరుగుమీదో నిద్రపోతాడు."

అంటే ఊరంతటికీ తెలిసిపోయింది.

వేషం లేకపోతే క్రిస్టీనా సన్నగా, చిన్నగా ఉంది. గొంతుచుట్టూ చున్నీ చుట్టుకుని ముందు నడిచింది. తోలుబొమ్మలు చేసేవాళ్ళ ఇంటిముందు ఆగి చెయ్యి చూపించింది. మేకతోలు మీద రంగులు ఆరుతున్నాయి. ఎండలో పట్టి చూస్తే అద్దంలా ఉన్నాయి. డప్పులు బిగించే వీధిలో ఆగి చెయ్యి చూపించింది. రాతి రంగస్థలం దగ్గర ఆగి మళ్ళీ చెయ్యే చూపించింది. నోరు మాత్రం విప్పలేదు.

"ఇంకా కోపంగా ఉందా అండీ?" అన్నాడు ప్రకాష్.

లేదన్నట్టు తలూపింది.

"నిన్న నేను కావాలని చేయలేదు."

సరేనన్నట్టు తలూపింది.

తర్వాతి వీధిలో ఇంకోసారి సారీ చెప్పాడు. రామాలయం దగ్గర ఇంకోటి. ఆమె చూపు అతని మీద పడి, పక్కకి తప్పుకుని, మళ్ళీ వచ్చి పడుతోంది. ఆ చూపులో కోపం ఉందో నవ్వు ఉందో తేల్చుకోలేక అతను నాలుగు ఫొటోలు తీశాడు. తర్వాత చూసుకుంటే మూడింట్లో ఊరు లేదు, ఆమే ఉంది.

ఊరి చివర కల్లాల దాకా వెళ్ళేసరికి మబ్బు పట్టింది. కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి తివాచీల్లా పరిచి ఉన్నాయి. ఆ కాలంలో వాన అంటే మిరప రైతుకి గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎవరో "వానరోయ్" అన్నారు. అంతే, ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. నిన్నటి రాజుగారు లుంగీ ఎగ్గట్టి పట్టా లాగుతున్నాడు. సేనాపతి కాయలు కుప్ప తోస్తున్నాడు. సుబ్బరావమ్మ తన కుప్పమీద పట్టా పరుస్తూ వీళ్ళకి చెరొక కొస అందించింది.

చినుకులు మొదలయ్యాయి. మిరపఘాటు, తడిమట్టి వాసన కలిసి ముక్కులు బద్దలవుతున్నాయి. పట్టా ఒకవైపు గాలికి లేచిపోయి కుప్ప తడుస్తోంది. సుబ్బరావమ్మ అటు తిరిగి ఉంది, చూడలేదు. ఇంకెవరైనా అయితే కెవ్వున కేక పెడతారు. నిన్న చివరి వరస దాకా గొంతు వినిపించిన మనిషి మాత్రం నోరు తెరవలేదు. కాలితో పట్టా తొక్కిపట్టి, రెండు చేతులూ ఎత్తి టపటపా చప్పట్లు కొట్టింది.

ప్రకాష్ అది చూశాడు. పొద్దుట్నుంచీ మాట్లాడనిది కోపంతో కాదని అప్పుడు అర్థమయింది.

వాన పెద్దది కాకముందే కాయలన్నీ కప్పేశారు. ఇద్దరూ పత్తి నిలవచేసే రేకుల పాకలోకి చేరారు. రేకులమీద చినుకులు తాళం వేస్తున్నాయి.

"గొంతుకేమయింది?"

క్రిస్టీనా వానని చూస్తూ గుసగుసగా చెప్పింది.

"లోపల చిన్న వాపు ఉందన్నారు గుంటూరు డాక్టరుగారు. నెల రోజులు మాటే ఆడకూడదన్నారు. అలక్ష్యం చేస్తే ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుంది గానీ పద్యం రావడం కష్టమట."

"మరి నిన్న..."

"నాన్న ఎప్పుడో మాటిచ్చాడు ఈ ఊరికి. నాగాంబ లేకుండా ఉత్సవం ముగియదు. ఇది ఒక్కటీ చేసి మానేద్దామనుకున్నా. ఆయనకింకా చెప్పలేదు. చెబితే మాట తప్పలేడు, నన్ను పాడమనలేడు. నలిగిపోతాడు."

"ఇంకోసారి పాడగలరా?"

"ఒక్కసారైతే పాడగలను. రెండోసారే భయం. మూడో సాయంత్రం చుట్టుపక్కల ఊళ్ళ జనం వస్తారు. ఆ చావుపద్యానికి వన్స్‌మోర్ పడకుండా ఎప్పుడూ ముగియలేదట."

ఆమే మళ్ళీ అంది.

"నిజం చెప్పనా? బాగా అలసిపోయానండీ. గొంతు పోతుందని భయపడుతున్నానో, పోతే నిద్రపోవచ్చని ఆశపడుతున్నానో నాకే తెలీదు. కానీ పద్యం లేకపోతే నేనెవరినో అదీ తెలీదు."

"నాకు పద్యం కూడా లేదండీ." అన్నాడతను. "పొద్దున్నించీ పైపులు మంచివి, పైపులు మంచివి అని చెబుతూనే ఉంటా. ఇంటికొచ్చేసరికి అమ్మతో మాట్లాడటానికి మాటలు మిగలవు. నిన్న ఒక్కసారి గట్టిగా నోరు తెరిచాను, అది మీ కొంప ముంచింది."

ఆమె నవ్వింది. చప్పుడు లేని నవ్వు. వాన ఇంకాసేపు కురిస్తే బాగుండునని అతనికి అనిపించింది. మిరప రైతులు వింటే తన్నేవారు.

"బుల్లయ్యగారితో నేను మాట్లాడనా?"

"వద్దు. జాలిపడి వదిలేస్తే అది నాటకం కాదు." అని చున్నీ సర్దుకుని లేచింది.

*

మూడో సాయంత్రం రంగస్థలం చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. ట్రాక్టర్ల మీద, ట్రక్కు ఆటోల్లో వచ్చారు. ప్రకాష్ ముందు వరసలో కూర్చున్నాడు. ఆ రోజు అతనికి నిద్ర రాలేదు. బుల్లయ్యగారు చెప్పిన కట్టుబాటు మధ్యాహ్నం నుంచీ బుర్రలో తిరుగుతోంది. ఒక ఆర్టిస్టుకి ఒక్కటే. ముందెవడంటే వాడిదే.

హార్మోనియం మోగింది. తెర లేచింది. రాణి నాగాంబ హుందాగా నడిచి వచ్చి, సింహాసనం దగ్గర నిలబడి, చెయ్యెత్తి తొలి మాట అంది.

"ఎవరక్కడ?"

సేవకుడి వేషంలో ఉన్నతను "చిత్తం మహారాణీ" అంటూ వచ్చాడు.

ప్రకాష్ లేచి నిలబడ్డాడు.

"వన్స్‌మోర్."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు మొదలయింది. వెనక వరసల నుంచి "ఏందిరా వీడు, ఇంకా పద్యమే లేదుగా" అన్నారు. "కలలో ఉన్నాడేమో లేపండ్రా" అని ఇంకొకరు. ఫోన్లు పైకి లేచాయి. అతని తలవెనక కంపెనీ బ్యానర్ దివ్యంగా వెలుగుతోంది. రేపు పొద్దున్నకల్లా ఈ వీడియో మేనేజరు ఫోన్లో ఉంటుందని తెలిసీ అతను కూర్చోలేదు.

బుల్లయ్యగారి మొహం కందగడ్డ అయింది. "ఏమయ్యా, ఏం చేశావో తెలుసా? చావుపద్యానికి ఇంకెవరూ అడగటానికి లేదు."

"తెలుసండీ. నాకు ఆ మాటే నచ్చింది."

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత రంగస్థలం వైపు చూశాడు. అక్కడ నాగాంబ చెయ్యెత్తినది ఎత్తినట్టే నిలబడిపోయి ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు బుల్లయ్యగారు కూడా చూశాడు. ఏమనుకున్నాడో, తువ్వాలు భుజాన దులిపి వేసుకుని పెద్దగా అన్నాడు.

"అడిగాడు, అయిపోయింది. కట్టుబాటు కట్టుబాటే. మళ్ళీ మొదలెట్టమ్మా."

రాణి లోపలికి వెళ్ళి మళ్ళీ నడిచి వచ్చింది. ఈసారి సేవకుడు వచ్చే వైపు చూడలేదు. ముందు వరసలోకి చూస్తూ అంది.

"ఎవరక్కడ?"

జనం ఈలలు వేశారు. సేవకుడు చిరాగ్గా "చిత్తం మహారాణీ" అన్నాడు రెండోసారి. నాటకం సాగింది.

చివరికి చావుపద్యం వచ్చింది. దాచుకోవాల్సిన పని లేదని తెలిసిన గొంతు ఎలా ఉంటుందో ప్రకాష్ మొదటిసారి విన్నాడు. మొదటి రోజు నిద్రలో ఏం పోగొట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. యుద్ధానికి వెళ్ళిన భర్త గాయాలతో తిరిగొచ్చేసరికి, ఎదురుచూసి చూసి ఓపిక అయిపోయిన ఆడమనిషి, 'వచ్చావు కదా, ఇక పడుకుంటాను' అంటుంది. అంతే ఆ పద్యంలో ఉన్నది. రాగం మెల్లగా దిగి, ఎక్కడా జీరపోకుండా ఆగింది. రాణి రాజు ఒళ్ళో తలవాల్చింది.

జనం గుండెల్లోంచి ఆ మాట పైకి వస్తోంది. వెనకెక్కడో ఒకడు "వన్స్" అననే అన్నాడు. బుల్లయ్యగారు వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తాడు. వాడు ఆగిపోయాడు. అడగలేని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

తెర పడింది. రాణి లేవలేదు. రాజుగారు కంగారుపడి "అమ్మాయ్, అమ్మాయ్" అని కదిపాడు. జయరావుగారు హార్మోనియం వదిలి పరుగెత్తుకొచ్చి, వంగి చూసి, పెదవిమీద వేలు పెట్టాడు.

"నిద్రపోయింది. కాసేపు కదలకండి."

రాజు వేషంలో ఉన్న మిరప రైతు కిరీటంతో సహా కదలకుండా కూర్చున్నాడు.

*

ప్రకాష్ కషాయం గ్లాసుతో వచ్చేసరికి జయరావుగారు గ్రీన్‌రూమ్ బయట హార్మోనియానికి గుడ్డ చుడుతున్నాడు.

"అడిగింది ఒక్క మాటకే అయినా కషాయం తేవాలట." అన్నాడు ప్రకాష్ తలవంచుకుని. "మీ నాటకాన్ని నవ్వులపాలు చేశాను. క్షమించండి."

"ఐదు శృతిలో పాడే పిల్ల అది." అన్నాడు జయరావుగారు నెమ్మదిగా. "కొన్నాళ్ళుగా నాలుగు శృతికి దించి వాయిస్తున్నా. ఎందుకు దించావని అది అడగలేదు. నీకేమయిందని నేనూ అడగలేదు. ఒకరిని చూసి ఒకరం భయపడ్డాం. ఇందాక లేచాక అంతా చెప్పి ఏడ్చింది. ఇంటికి పోతున్నాం, నెల రోజులు ఏ ఊరూ లేదు." గుడ్డ ముడివేసి తలెత్తాడు. "మీరెందుకు లేచి నిలబడ్డారో తెలియనంత చెవిటివాణ్ణి కాదు బాబూ. చల్లారిపోతుంది, లోపలికెళ్ళండి."

ప్రకాష్ తలుపుమీద మెల్లగా తట్టాడు.

"ఎవరక్కడ?" గుసగుస.

"నేనేనండీ. కషాయం."

కిరీటం తీసేసి, మొహం కడుక్కుని కూర్చుని ఉంది. చెవి వెనక కాస్త రంగు మిగిలింది. గ్లాసు అందుకుని పక్కనున్న పెట్టెమీద చోటు చూపించింది. అలసట అలాగే ఉంది ఇద్దరికీ, కానీ ఇప్పుడది ఒకరి పక్కన ఒకరు దించి పెట్టుకున్న బరువులా ఉంది.

"ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వారు." అంది ఆమె.

"అలవాటే. కొంచెం ఎక్కువమంది, అంతే."

"మీ మేనేజరు?"

"ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు."

ఆమె సగం కషాయం తాగి గ్లాసు అతనికి ఇచ్చింది. అతను మిగతా సగం తాగాడు. ఘాటుకి కళ్ళు చెమర్చాయి. ఇంక ఆగితే మళ్ళీ నోరు రాదని తెలిసి అనేశాడు.

"ఈ నెల రోజులు మీరు మాట్లాడకూడదు కదా. ఆదివారాలు గుంటూరు వస్తాను. మీ చర్చికే. మీరేం మాట్లాడక్కర్లేదు, ఊరికే పక్కన కూర్చుంటాను. నాకు మీరంటే ఇష్టం, క్రిస్టీనా."

ఆమె తల వంచుకుంది. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తను చెప్పింది వినపడలేదేమో, ఇంకొంచెం గట్టిగా చెప్పాలేమో అనుకుని గొంతు సవరించుకున్నాడు. ఆమె చెయ్యెత్తి, బుల్లయ్యగారు జనాన్ని ఆపినట్టు అతన్ని ఆపింది.

"వన్స్‌మోర్ అడగను." అంది గుసగుసగా. "మొదటిసారే వినపడింది."

అని అతని భుజం మీద తలవాల్చి కళ్ళు మూసుకుంది.